తెర మీద కథ – మన మనసులో తీర్పు

(రాజయ్యపేటలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమా కథలు మన నీతిని ఏ విధంగా మలుస్తున్నాయి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. సినిమా విమర్శ మా వృత్తి కాదు. అయితే పొద్దున బడికి వచ్చే పిల్లవాడి తలలో రాత్రి చూసిన బొమ్మ ఇంకా ఆడుతూనే ఉంటుంది. మేము చెప్పే పాఠం దాని పక్కన చోటు చూసుకుని కూర్చోవలసి వస్తోంది. అందుచేత ఈ విషయం మాకూ సంబంధించిందే.

సినిమా చూడవచ్చా, చూడకూడదా అనే వాదంలోకి మేము దిగబోవడం లేదు. ఆ వాదం మన పెద్దలు చాలాకాలం చేశారు. వాదం తేలేలోగా సినిమా హాలు దాటి ఇంటికొచ్చింది, ఇల్లు దాటి జేబులోకొచ్చింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న వేరు. కథ అయిపోయి మనం లేచేటప్పటికి ఫలానావాడు మంచివాడు, ఫలానావాడు చావదగినవాడు అని ఒక తీర్పు మన మనసులో తయారై ఉంటుంది. ఆ తీర్పు మనం చెప్పిందా? లేక మనచేత చెప్పించిందా?

ముందు యంత్రం చేసే పని చూద్దాం. రష్యాలో 1920 ప్రాంతంలో కులెషోవ్ అనే సినిమా పంతులు ఒక ప్రయోగం చేశాడు. ఒక నటుడి ముఖం, ఏ భావమూ లేని ముఖం, తీసుకున్నాడు. దాని పక్కన ఒకసారి పులుసు గిన్నె, ఒకసారి శవపేటికలో బిడ్డ, ఒకసారి అందమైన స్త్రీ – ఈ బొమ్మలు అతికించాడు. చూసినవాళ్ళు ఆకలి ఎంత బాగా నటించాడన్నారు, దుఃఖం ఎంత బాగా నటించాడన్నారు, మోహం ఎంత బాగా నటించాడన్నారు. ముఖం మాత్రం మూడుసార్లూ ఒక్కటే! ఆకలీ దుఃఖమూ మోహమూ చూసేవాడి మనసులో పుట్టినవి. వాటిని పుట్టించింది కత్తెర.

మన తెలుగువాళ్ళకు ఈ మాయ కొత్త కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే కెమెరా పట్టి మనకు లేని వెన్నెల చూపించాడు, లడ్డూలను ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరించాడు. అది అందరికీ తెలిసిన మాయ. చూసి ఆనందించాం, ఇంటికి పోయాం. లడ్డూ ఎగరటం చూసి ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు గదా! మాయ అని తెలిసి చూసే మాయతో పేచీ లేదు. తెలియకుండా మన కోపాన్ని ఎవరి మీదికో తిప్పే మాయతోనే పేచీ.

మా తరగతిలో ఒకసారి ఒక పోరాట సన్నివేశం పిల్లలకు రెండుసార్లు చూపించాము. మొదట శబ్దంతో, తరువాత శబ్దం తీసేసి. మొదటిసారి ప్రతినాయకుడు దెబ్బ తిన్నప్పుడల్లా చప్పట్లు. రెండోసారి కాసేపు నిశ్శబ్దం. తరువాత ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, ఆయన్ని పది మంది కలిసి కొడుతున్నారు" అన్నాడు. సంగీతం ఉన్నప్పుడు ఆ పదిమందీ వాడికి కనపడలేదు. కన్ను అదే, బొమ్మ అదే. మారినది చెవిలో పడేది. పాఠం ఇంతకంటె వివరించవలసిన అవసరం లేకపోయింది.

ఇక రెండోది భావజాలం. ఇది వినగానే అదేదో చెడ్డమాట అనుకోనక్కరలేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారు 'మాలపిల్ల' తీశారు. అంటరానితనం పాపమని నమ్మి, ఆ నమ్మకం జనానికి పట్టించాలనే తీశారు. మరుసటి ఏడు 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లకు కోపం వచ్చి, వారి ఒత్తిడి మీద నిషేధం దాకా వెళ్ళింది. అంటే తెరకు శక్తి ఉందని జమీందార్లకు బాగా తెలుసు. అదే శక్తి వేరే చేతుల్లో ఏం చేస్తుందో 1915లో అమెరికాలో వచ్చిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' చూపింది. తెల్ల నటుల ముఖాలకు నల్లరంగు పూసి, నల్లవాళ్ళను మృగాలుగా చూపి, వాళ్ళను వేటాడే కూ క్లక్స్ క్లాన్ ముఠాను రక్షకులుగా నిలబెట్టారు. సినిమా కళలో అది అప్పటికి గొప్ప ముందడుగు అంటారు. ఎప్పుడో అణగిపోయిన ఆ ముఠా అదే ఏడాది జార్జియాలో మళ్ళీ లేచింది. బాగా తీసిన అబద్ధం, సరిగా తీయని అబద్ధంకంటె ప్రమాదం.

మన దగ్గరకే వద్దాం. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మన అనకాపల్లి జిల్లాలోదే. 1922 ఆగస్టులో ఆయన మన్యం మనుషులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులు పట్టుకుపోయాడు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. పోడు కొట్టుకోనివ్వని అటవీ చట్టం, కూలి ఇవ్వకుండా రోడ్డుపని చేయించడం – ఇవీ ఆ తిరుగుబాటుకు కారణాలు. 1974లో కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం అదే. తెర వెడల్పయింది, మన్యం పెద్దదిగా కనపడింది.

2022లో 'ఆర్ఆర్ఆర్' వచ్చింది. అందులో రాజు, ఆదిలాబాదు గోండు వీరుడు కొమరం భీం, ఢిల్లీలో కలుసుకుంటారు. అది కల్పన అని తీసినవారే చెప్పారు, కల్పన చేసుకునే హక్కు కథకుడికి ఉంది. కాని చరిత్రలో భీం పోరాడింది నిజాం ప్రభుత్వపు అటవీ అధికారులతో. 1940లో జోడేఘాట్ వద్ద నిజాం పోలీసుల తూటాలకే చనిపోయాడు. ఆయన పేరుతో నిలిచిన నినాదం 'జల్, జంగల్, జమీన్'. ఆ మాటలు వింటుంటే ఉర్దూ చెప్పుకునే మాకు ఒక సంగతి తోస్తుంది. ఏలినవాడి దర్బారు భాషలోని మాటలతోనే, ఏలబడేవాడు తన హక్కు అడిగాడు. కాబట్టి ఆ పోరాటం మతానికీ మతానికీ కాదు, అడవికీ అధికారానికీ. నిజాం మన మతంవాడు గదా అని గోండులకు జరిగిన అన్యాయాన్ని మనం దాచకూడదు. దాచితే ఇంకొకరు దాచారని అడిగే అర్హత మనకు పోతుంది.

ఆ సినిమా చివర భీం తన మిత్రుణ్ణి చదువు కావాలని అడుగుతాడు. చూసేవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి. అయితే అసలు భీం అజ్ఞాతవాసంలో చదవడం, రాయడం నేర్చుకున్నవాడనే ఆయన కథ చెబుతుంది. అడవిబిడ్డ అడిగేవాడు, మైదానంవాడు ఇచ్చేవాడు అనే తీర్పు ఆ ఒక్క సన్నివేశంలో మన మనసులోకి మెత్తగా దిగిపోయింది. ఎవరూ అబద్ధం ఆడినట్లు ఉండదు. ఎవర్నీ తిట్టినట్లు ఉండదు. ఇటువంటిదే గమనించవలసింది.

1948 నాటి హైదరాబాదు సంగతి మరింత నొప్పి కలిగించేది. ఆ కాలం మీద 1980లో 'మా భూమి' వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. మూలకథ ఉర్దూ రచయిత కిషన్ చందర్‌ది. అందులో దొర ఒక వైపు, రైతుకూలీ ఒక వైపు. 2024లో 'రజాకార్' అనే సినిమా వచ్చింది. అందులో గీత మతం దగ్గర గీశారు. కాలం ఒక్కటే, నేల ఒక్కటే. కెమెరా ఎక్కడ నిలబడిందో అనేదాన్నిబట్టి చూసేవాడి కోపం ఒకసారి దొర మీదికి, ఒకసారి పొరుగింటి వాడి మీదికి పోతుంది.

రజాకార్ల దౌర్జన్యం నిజం. దాన్ని కాదనేవాడు చరిత్ర చదవనివాడు. అయితే 1948 ఆగస్టులో ఆ రజాకార్ల మనుషుల చేతుల్లోనే నరికివేతకు గురైన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా నిజం. హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసినందుకే ఆయన్ని చంపారు. పోలీసు చర్య తరువాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం నివేదిక కూడా నిజం. ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ప్రాణాలు పోయాయని వారి అంచనా. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఆ కాలం మీద ఏ సినిమా వచ్చినా, ఈ మూడు నిజాలకూ ఎంతెంత చోటిచ్చారని మనం కొలవాలి. ఒక్క నిజాన్నే మూడు గంటలు చూపితే అది అబద్ధం చేసే పనే చేస్తుంది.

మన మనిషిని తెర ఎలా చూపుతోంది? 2002లో 'ఖడ్గం'లో ప్రకాష్ రాజ్ వేసిన అంజాద్ మంచివాడు, ఆటో నడుపుకునే దేశభక్తుడు. చూసి సంతోషించాం. కాని ఆ మంచితనం ఎప్పుడూ పరీక్షకు నిలబడిన మంచితనమే! ఒక తమ్ముడు చెడిపోతేగాని, ఒక అనుమానం పుడితేగాని మన మనిషికి కథలో పని లేదు. 2010లో వచ్చిన 'వేదం'లో అనుమానానికి గురయ్యే రహీముద్దీన్ బాధను ప్రేక్షకుడు లోపలినుంచి చూసేటట్లు చేశారు, అది మెచ్చుకోదగినది. అయినా రేషను కార్డు కోసం తిరిగేవాడు, కూతురి ఫీజుకు చీటీ పాడేవాడు, పదో తరగతి లెక్కలకు భయపడేవాడు – ఈ సభలో కూర్చున్న ఇటువంటి మనుషులు తెర మీద ఎక్కడ? మా విద్యార్థి ఒకడు, "సార్, సినిమాలో మన పేరుగలవాడు వస్తే వీడు ఎప్పుడు దొరికిపోతాడా అని నాకే భయమేస్తుంది" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు తన పేరును తానే అనుమానిస్తున్నాడు. మేము ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆ ఒక్క మాట వల్లనే.

అయితే ఇక్కడ మనల్ని మనం కూడా నిలదీసుకోవాలి. 2015లో 'బాహుబలి'లో కాలకేయులను నల్లరంగు పూసి, అర్థంకాని భాష కల్పించి, మనుషులు కారన్నట్లు చూపితే మనలో ఎంతమంది అభ్యంతరం చెప్పారు? మన ఉత్తరాంధ్ర యాసను పనివాడి నోట, హాస్యగాడి నోట పెడితే నవ్వినవాళ్ళలో మనవాళ్ళు లేరా? మన గడ్డం దగ్గర నొప్పి, ఇంకొకడి రంగు దగ్గర నవ్వు – ఇది న్యాయం కాదు.

ఇప్పుడు తెర ఫోనులోకి వచ్చాక సంగతి ఇంకా ముదిరింది. 2023 నవంబరులో నటి రష్మిక ముఖాన్ని ఇంకొక స్త్రీ శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. 2025 ఆగస్టులో ధనుష్ నటించిన 2013 నాటి 'రాంఝణా' తమిళ రూపాన్ని కృత్రిమ మేధతో ముగింపు మార్చి విడుదల చేశారు. చనిపోయిన నాయకుడు లేచి కూర్చున్నాడు! దర్శకుడూ, నటుడూ వద్దని మొత్తుకున్నారు. చేసిన తప్పుకు ప్రాణంతో చెల్లించిన మనిషి కథ, యంత్రం చేతిలో సుఖాంతమైపోయింది. ఒక కథ నీతిని మార్చడానికి ఇప్పుడు నటుడూ అక్కరలేదు, దర్శకుడూ అక్కరలేదు.

ఫోను ఇంకో పని కూడా చేస్తుంది. మనం ఏ బొమ్మ దగ్గర ఆగామో లెక్కపెట్టుకుని, మళ్ళీ అటువంటిదే ఇస్తుంది. కోపం దగ్గర ఆగితే కోపమే వడ్డిస్తుంది. నాలుగు రోజులయ్యేసరికి లోకమంతా కోపమే ఉందనిపిస్తుంది.

ఈ రాజయ్యపేట సంగతే చూడండి. 2025 జనవరి 8న ప్రధానమంత్రిగారు విశాఖపట్నం సభ నుంచి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అదే ఏడాది ఇక్కడి మత్స్యకారులు ఆ పార్కు వద్దని దీక్షలు చేశారు, అక్టోబరులో జాతీయ రహదారి మీద బైఠాయించారు. పార్కు మంచిదా కాదా అనేది ఈ సభ తేల్చే విషయం కాదు. ఒక్కటే ఆలోచించండి. ఆగిపోయిన లారీల దగ్గర వీడియో మొదలుపెడితే గంగపుత్రుడు అల్లరివాడు. అతని వల దగ్గర, పడవ దగ్గర మొదలుపెడితే అతడు బతుకుతెరువు అడుగుతున్నవాడు. ఉద్యోగం కోసం ఎదురుచూసే నిరుద్యోగి ఇంట్లో మొదలుపెడితే మూడో తీర్పు. కథ ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే సగం తీర్పు అయిపోయింది.

కాబట్టి మా మనవి ఇది. పిల్లలను తెర నుంచి లాగేయడం మన చేత అయ్యే పని కాదు. పక్కన కూర్చుని చూడటం మన చేత అవుతుంది. చూశాక నాలుగు ప్రశ్నలు అడగండి. కథ ఎవరి ఇంట్లో మొదలైంది? మాట్లాడే అవకాశం ఎవరికి ఇవ్వలేదు? శబ్దం తీసేస్తే నీకు అదే కోపం వస్తుందా? దీన్ని తీసినవాడికి నీ కోపంతో ఏం పని? ఈ నాలుగూ అడగడానికి డిగ్రీ అక్కరలేదు. బీడీలు చుట్టే తల్లి అడగవచ్చు, చేపల తట్ట దించి వచ్చిన నాన్నమ్మ అడగవచ్చు.

వార్త తెచ్చినవాడెవడో, అది నిజమో కాదో విచారించకుండా ఒక జాతికి హాని తలపెట్టవద్దని మన ధర్మం మనకు చెప్పింది. అది నోటిమాటతో వార్త తిరిగిన కాలానికి చెప్పిన మాట. బొమ్మగా తిరిగే వార్తకు అది మరింత వర్తిస్తుంది. సంఘం గ్రూపులో ఎవరైనా వీడియో పంపితే, అది మనకు అనుకూలమైనదైనా సరే, ముందు విచారించి తరువాతనే ముందుకు పంపాలని మన సభ్యులందరూ ఈరోజు అనుకుంటే ఈ సభకు సార్థకత.

సంఘం ఏటా ఇచ్చే పుస్తకాల సాయంతోపాటు, నెలకొకసారి పిల్లలను కూర్చోబెట్టి ఒక సినిమా చూపించి మాట్లాడించే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి సూచిస్తున్నాము. అటువంటి సభకు పక్క వీధి పిల్లలను, మత్స్యకారుల పిల్లలను కూడా పిలవాలి. తెర మీద ఒకరినొకరు అనుమానించుకునేవాళ్ళు చాప మీద పక్కపక్కన కూర్చుంటే, తెర ఇచ్చిన తీర్పు వాళ్ళే కొట్టేస్తారు.