వీణ శ్రుతి చేసుకునే సరంజామా



"మా అమ్మాయికి శ్రుతిజ్ఞానం లేదండీ, వీణ మాన్పించేశాం" అనే మాట మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేనైతే చాలా ఇళ్లలో విన్నాను. ఆ ఇళ్లలోనే గోడకు ఆనించి ఉన్న వీణను ఒకసారి మీటి చూశాను కూడా. పిల్ల చెవి సంగతి తర్వాత, ఆ వీణను ఎంతటి విద్వాంసుడి చేతికిచ్చినా అపస్వరమే పలుకుతుంది! పాపం, నేరం మాత్రం పిల్లమీద పడింది.

పియానో ఉన్నవాళ్లకు ఈ బాధ వేరు. దానికి రెండువందల పైచిలుకు తీగలు. ఇనుప మేకులకు బిగించి ఉంటాయి. తెలిసిన పనివాడు తన పనిముట్లతో వచ్చి ఏడాదికి ఒకసారో రెండుసార్లో సరిచేసి పోతాడు. మన వీణకు ఏడే తీగలు. కాని బిరడలు చెక్కవి, మెట్లు మైనం మీద నిలిపినవి. వాన పడితే చెక్క ఉబ్బుతుంది, ఎండ కాస్తే బిగువు తప్పుతుంది. అంచేత శ్రుతి చూసుకోవడం రోజూ పని. మేష్టారు వారానికి రెండుసార్లు వచ్చి శ్రుతి చేసి వెళితే చాలదు. మిగతా అయిదు రోజులూ పిల్ల అపశ్రుతిలోనే సాధన చేస్తుంది, చెవి దానికే అలవాటుపడుతుంది.

మరి ఇంట్లో ఏం ఉండాలి? దుకాణానికి వెళితే ముందుగా ముళ్లూ దీపాలూ ఉన్న యంత్రం చూపిస్తారు. నేను మాత్రం మొదటి డబ్బు శ్రుతిపెట్టె మీదే పెట్టమంటాను. పాతకాలపు తిత్తి ఉన్నదైనా సరే, ఎలక్ట్రానిక్‌దైనా సరే. 1979లో బెంగుళూరు ఇంజనీరు జి. రాజనారాయణ్ తయారుచేసి చూపించిన దగ్గరనుంచి ఎలక్ట్రానిక్ పెట్టె మన సంగీతం ఇళ్లలో మామూలు వస్తువైపోయింది. కొనేటప్పుడు మూడు చూడండి. శ్రుతిని రవ్వంత రవ్వంత మార్చే మీట ఉందా, పంచమం తీసేసి మధ్యమం పెట్టుకునే వీలుందా, చిన్నగా పెట్టినా ధ్వని స్పష్టంగా ఉందా. పైన పూతలూ పువ్వులూ మీ ఇష్టం.

శ్రుతిపెట్టె గొప్పతనం ఏమిటంటే అది "ఇది తప్పు" అని చెప్పదు. షడ్జమాన్ని అలా పట్టుకుని కూర్చుంటుంది, తప్పు మనమే వినాలి. ఎలా వినాలంటే, రెండు ధ్వనులు దగ్గరదగ్గరగా ఉండి కలవకపోతే వాటి మధ్య ఒక అల లేస్తుంది, ఊయల ఊగినట్టు. ఒకటి సెకనుకు 200 సార్లు, రెండోది 202 సార్లు కంపిస్తే సెకనుకు రెండు అలలు వినిపిస్తాయి. బిరడ తిప్పుతున్నకొద్దీ అల నెమ్మదిస్తుంది, కలిసేసరికి మాయమైపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల కూడా దీన్ని పట్టుకోగలదు. ఒక్కసారి వినిపించి చూడండి, ఆటలాగా నేర్చుకుంటుంది.

శ్రుతి దండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, చవకా, చెడిపోదు. 1711లో జాన్ షోర్ అనే ఇంగ్లీషు ట్రంపెట్ వాద్యకారుడు కనిపెట్టాడట. కాని కొనేటప్పుడు జాగ్రత్త. కాలేజీ లాబొరేటరీ సామాను అమ్మేచోట దొరికే దానిమీద 256 అని చెక్కి ఉంటుంది. అది లెక్కలకోసం చేసినది. సంగీతంలో ఒకటో శ్రుతికి ఇప్పుడు వాడుకలో ఉన్నది 261.6. ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఇక నోటితో ఊదే పిచ్‌పైపు అంటారా, గట్టిగా ఊదితే ఒక పలుకు, మెల్లగా ఊదితే ఇంకో పలుకు. నాకు దానిమీద నమ్మకం లేదు.

సెల్‌ఫోనులో శ్రుతి చూపే ముల్లు వచ్చాక అందరూ దానిమీదే పడ్డారు. వద్దనను. మేష్టారు రాని రోజున కొండంత అండ. కాని రెండు సంగతులు తెలిసి వాడాలి. మొదటిది, దానికి సరిగమలు తెలియవు, ఇంగ్లీషు అక్షరాలే చూపిస్తుంది. మీ వీణ మూడు శ్రుతి అయితే షడ్జమం 'ఇ', పంచమం 'బి' అని కాగితంమీద రాసి అంటించుకోండి. కొత్త తీగ బాగా వదులుగా ఉన్నప్పుడు ముల్లు దగ్గర్లో ఉన్న ఇంకేదో అక్షరం చూపిస్తుంది. పిల్ల దాన్ని నమ్మి తిప్పుకుంటూ పోతే తీగ తెగి మొహాన కొడుతుంది.

రెండోది, అది కీబోర్డు లెక్క. షడ్జమం 200 అయితే అంతర గాంధారం 250 దగ్గర హాయిగా కలుస్తుంది, కీబోర్డులో అది 252. పంచమంలో తేడా దాదాపు లేదు గనుక తీగలు సర్దడానికి ముల్లు పనికొస్తుంది, గమకం నేర్పడానికి కాదు.

ఇంకో మాట. అమ్మాయి అయిదు శ్రుతిలో పాడుతుంది కదా అని వీణనూ అయిదుకు లాగకండి. చాలా వీణలు మూడు శ్రుతికి అటూ ఇటూగా ఉంటాయి. అవే తీగలతో అంత పైకి బిగిస్తే తీగలే కాదు, వీణ కూడా ఓర్చుకోలేదు.

శ్రుతి చేసేటప్పుడు ముందు సారణి, తర్వాత పంచమం, మంద్రం, అనుమంద్రం, చివర పక్క తీగలు మూడూ. ఎప్పుడూ కిందనుంచి పైకి రావాలి. పైకి పోయిందనిపిస్తే బాగా దించి మళ్లీ ఎక్కించండి. బిరడను లోపలికి నొక్కుతూ తిప్పాలి. జారుతుంటే సుద్దపొడి రాయండి. రవ్వంత తేడాకు బిరడ ముట్టకుండా నాగపాశం దగ్గర లంగరు మీది చిన్న చుట్టు జరిపితే చాలు. కటింగ్ ప్లయరు తీగ తుంచడానికే సుమండీ! దాంతో బిరడ తిప్పారా, బిరడ విరిగి చేతికొస్తుంది.

ఇవన్నీ చేసినా అపస్వరం పోకపోతే అప్పుడు మెట్లు చూడాలి. సారణిని శ్రుతిపెట్టెతో కలిపి, 12వ మెట్టు మీద మెల్లగా నొక్కి మీటండి. పై షడ్జమం అల లేకుండా కలవాలి. 7వ మెట్టు మీద పంచమం కలవాలి. కలవకపోతే ముందు తీగ మార్చి చూడండి, తుప్పు పట్టిన తీగ ఎప్పుడూ నిజం చెప్పదు. కొత్త తీగకూ కలవకపోతే మైనం మెత్తబడి మెట్లు జరిగాయన్నమాట. కిటికీ పక్కన ఎండలో పెట్టిన వీణలకు మే నెలలో వచ్చే జబ్బు ఇది. దీనికి ఏ పనిముట్టూ మందు కాదు, మేళం మళ్లీ కట్టించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలోనూ, నూజివీడులోనూ వీణలు చేసేవాళ్లున్నారు. మీ ఊళ్లో మేళం కట్టేవాళ్లెవరో మేష్టారిని అడిగితే చెబుతారు. ఆయన మెట్లు సర్దుతున్నంతసేపూ పిల్లను పక్కన కూర్చోబెట్టండి. ఒక్కో మెట్టూ ఎక్కడ కలిసిందో ఆమెనే చెప్పమనండి.