కష్టంలో మన చేతిలో మిగిలేది



కష్టంలో ఉన్న మనిషిని చూస్తే ‘ఏం కాదు, అంతా మంచే జరుగుతుంది’ అంటాం. ప్రేమతో అనే మాటే. కానీ ఆ మాటతో అప్పు తీరదు, తప్పిన సబ్జెక్టు పాసవదు. గాబ్రియేలె ఓటింజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల్లో ఒక సంగతి తేలింది. కోరుకున్నది చేతికి వచ్చేసినట్టే ఊహించుకుని మురిసిపోయేవాళ్లలో దానికోసం పాటుపడే ఊపు తగ్గుతుందట.

మరి మంచి దృక్పథం అంటే ఏమిటి? పశువుల సంతకు ఎద్దు కొనడానికి వచ్చే రైతును చూడండి. మంచి ఎద్దు దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే అతను ఇల్లు కదలడు. అయినా నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి కాళ్లు చూస్తాడు. ఆ నమ్మకం, ఆ పరీక్ష రెండూ కలిస్తేనే దృక్పథం.

దీనికి మన గడ్డమీదే గొప్ప ఉదాహరణ ఉంది. సురవరం ప్రతాపరెడ్డిగారిది గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడు. చదువు, పాలన ఉర్దూలో సాగుతున్న నిజాం రాజ్యంలో 1926లో తెలుగులో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఈ రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాస్తే ప్రతాపరెడ్డిగారికి బాధ కలగకుండా ఉంటుందా? కానీ ఆ బాధ దగ్గరే ఆగిపోలేదు. ఊరూరా ఉన్న కవుల పద్యాలు, వివరాలు సేకరించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఎదుటివాడి నోరు ఆయన చేతిలో లేదు. పత్రిక ఉంది, ఓపిక ఉంది. వాటితోనే జవాబిచ్చారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు.

దెబ్బ తిన్నప్పుడు మనకు మనం ఏం చెప్పుకుంటామన్నది అసలు విషయమని అమెరికా శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ అంటారు. కుంగిపోయే మనసు మూడు మాటలు చెప్పుకుంటుంది: ‘ఎప్పటికీ ఇంతే’, ‘అన్నిట్లోనూ ఇంతే’, ‘తప్పంతా నాదే’. ఇంటర్‌లో లెక్కలు తప్పిన పిల్లను ఊహించుకోండి. ఆమె తప్పింది ఒక్క సబ్జెక్టు. చదువుకు పనికిరానన్నది ఆమె మనసు కలిపిన మాట. ‘ఏ పాఠం రాలేదు? సప్లిమెంటరీకి ఎన్ని రోజులుంది? ఎవరిని అడగాలి?’ అని కాగితం మీద రాయిస్తే, కొండంత భయం మూడు పనులుగా విడిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వాన రాక వలసపోయిన కుటుంబంతో ‘నీ ఆలోచన మార్చుకో’ అనడం అన్యాయం. నీళ్లు, కూలి, వైద్యం సమాజం ఇవ్వాల్సినవి. వాటిని నలుగురూ కలిసి అడగడం కూడా మంచి దృక్పథమే.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేనిమీదా మనసు పోక, చావు ఆలోచనలు వస్తుంటే అది పిరికితనం కాదు, వైద్యం ఉన్న జబ్బు. చావు తలపు వచ్చిందంటే రెండు వారాలు కూడా ఆగొద్దు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఉచితంగా, ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు ఇంటి గోడమీద రాసుకోండి. ఫలితాలొచ్చిన రోజు పిల్లల్ని మార్కులడిగే ముందు అన్నం తిన్నారా అని అడగండి.