కెర్నల్‌కు ఏ భాష?

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పింఛను జమ అయ్యే బ్యాంకు కంప్యూటర్‌లోనూ, ఆ కబురు తెచ్చే సెల్‌ఫోన్‌లోనూ కంటికి కనపడని ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. దాని పేరు కెర్నల్. మిగతా ప్రోగ్రాములకు మెమరీలో చోటు, ప్రాసెసర్ సమయం పంచేది అదే. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే కెర్నల్ ఆపగలదు. కెర్నలే తప్పు చేస్తే అడిగే నాథుడు లేడు. అందుకే దాన్ని ఏ భాషలో రాయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

1969లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌ను అసెంబ్లీ భాషలో రాశారు. అది ఆ ఒక్క రకం యంత్రానికే పనికివచ్చే భాష. యంత్రం మారితే మళ్లీ మొదటికి రావలసిందే. 1972లో ఆయన కెర్నల్‌ను సి భాషలోకి మార్చబోయి విరమించుకున్నారు. రకరకాల సమాచారాన్ని ఒక్కచోట కట్టగా ఉంచే 'స్ట్రక్చర్' అనే సదుపాయం అప్పటికి సి లో లేదు. ఆ భాషను రూపొందించిన డెన్నిస్ రిచీ దాన్ని చేర్చాక, 1973 వేసవిలో ఆ పని నెరవేరింది. అంటే పనికి తగినట్టు భాషే ఎదిగిందన్నమాట. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌నూ సి లోనే మొదలుపెట్టారు.

అయితే సి కి ఒక లోపం ఉంది. మనం క్వార్టర్సు ఖాళీ చేశాం, తాళంచెవి మాత్రం ఒకటి మన దగ్గరే ఉండిపోయింది. ఆ ఇంట్లోకి వేరే కుటుంబం వచ్చింది. మరుపున మనం వెళ్లి తలుపు తీస్తే? విడిచిపెట్టిన మెమరీని మళ్లీ వాడటం అంటే ఇదే. సి దీన్ని అడ్డుకోదు. తాము ఏటా సరిదిద్దే భద్రతా లోపాలలో సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవేనని 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు వెల్లడించారు.

2015లో తొలి స్థిర రూపం వెలువడిన రస్ట్ భాషలో ప్రతి వస్తువుకూ ఒక్కరే యజమాని. పాత తాళంచెవి ఎవరి దగ్గరైనా మిగిలితే కంపైలర్ ముందే పట్టుకుంటుంది. యంత్రాన్ని నేరుగా తాకే కొద్ది భాగాలలో మాత్రం బాధ్యత రాసేవారిదే. 2022 డిసెంబరులో వెలువడిన లినక్స్ 6.1లో రస్ట్‌కు చోటు దొరికింది.

దానిపై పెద్ద వాదమే నడిచింది. రెండు భాషల భారం ఎవరు మోస్తారని కొందరు పాతవారి ప్రశ్న. అది మొండితనం కాదు, బాధ్యత తెలిసినవారి భయం. ఏళ్ల తరబడి నలిగిన కోట్ల పంక్తులను ఒక్కసారిగా తిరగరాస్తే పాత తప్పులు పోయి కొత్తవి రావచ్చు. కనుక ఉన్నదాన్ని కాపాడుకుంటూ, కొత్తగా చేర్చే డ్రైవర్ల వంటివి రస్ట్‌లో రాయడమే వివేకమని నా అభిప్రాయం.

మనమందరం ఒకనాడు చార్జి అప్పగించి వచ్చినవాళ్లమే. మన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఫైలు అర్థమైతేనే మనం చేసిన పని నిలుస్తుంది. కెర్నల్‌కు భాషను ఎంచేటప్పుడూ చూడవలసింది అదే.