రాగిగనుల దేశము నేర్పు పాఠము



పంట కోసిన పొలము మరుసటియేట మరల పండును. త్రవ్విన గని మరల నిండదు. కావుననే గనిని గూర్చిన ఒడంబడిక ఒక తరమువారు వ్రాసికొన్నను, దాని ఫలము పుట్టబోవు తరములవారు అనుభవింపవలసియుండును. ఈ సత్యమునకు ఆఫ్రికాఖండమందలి జాంబియా చరిత్రకంటె మంచి నిదర్శనము మాకు కానరాదు. కోలారు బంగారుగనులను 1880 మొదలు ఆంగ్లేయ కంపెనీ త్రవ్వుకొనిపోవుటయు, ఆ లోతులలో తెలుగు, తమిళ కూలీలు చెమటోడ్చుటయు ఎరిగిన మనకు ఈ కథ పరాయిది కాదు.

1890లో లోక్నరు అను దూత బ్రిటిషు సౌతాఫ్రికా కంపెనీ పక్షమున బారోట్సే రాజగు లెవానికాచేత ఒడంబడికపై సంతకము చేయించుకొనెను. తాను బ్రిటిషురాణి రక్షణ పొందుచున్నానని రాజు తలచెను. తన్ను కట్టివేసినది ఒక వర్తకసంఘమని తరువాత గాని ఆయనకు తెలియలేదు. ఇట్టి కాగితముల బలముననే ఆ కంపెనీ ఉత్తర రొడీషియా ఖనిజములపై హక్కు చెప్పుకొని, గనులు నడుపు ఇతర కంపెనీలయొద్ద రాయల్టీ పుచ్చుకొనుచు వచ్చెను. 1935లో పన్ను పెంపునకు ఎదురుతిరిగి గనికూలీలు సమ్మెకట్టగా, లువాన్‌ష్యాలో పోలీసుల తుపాకులకు ఆరుగురు బలియైరి. 1964 అక్టోబరు 24న స్వాతంత్ర్యము వచ్చువేళ, ఆ హక్కును వదలుకొనుటకై కంపెనీకి 40 లక్షల పౌనులు ముట్టెను. అందు సగము జాంబియాయే భరించెను. తన నేలలోని రాగిని తానే వెలయిచ్చి కొనవలసివచ్చిన దేశమది!

1969లో అధ్యక్షుడు కౌండా గనులలో నూటికి 51 వంతులు ప్రభుత్వమునకు చెందవలెనని ప్రకటించెను. ప్రజలు హర్షించిరి. కాని 1975 నాటికి రాగిధర పడిపోయెను. విదేశీ రాబడికి రాగియే ఆధారమైన దేశము అప్పులలో మునిగెను. క్రొత్త యంత్రములకు సొమ్ము లేక, ఏటికి సుమారు 7 లక్షల టన్నులుగానుండిన ఉత్పత్తి 2000 నాటికి రెండున్నర లక్షలకు దిగజారెను. అప్పులవారి ఒత్తిడికి లోబడి 1997, 2000 సంవత్సరముల నడుమ గనులను ముక్కలుచేసి మరల కంపెనీలకు అమ్మివేసిరి. ఆకలిగొన్నవాడు గట్టిగా బేరమాడజాలడుగదా! రాయల్టీ నూటికి 0.6 మాత్రమే. ఆ రేటు ఏండ్లతరబడి మార్చరాదను షరతు వేరొకటి. ఆ ఒడంబడికలు ప్రజల కంటబడకుండ దాచబడెను. కొలదియేండ్లకే రాగిధర ఆకాశమంటగా, ప్రజలకు కొండ త్రవ్వి ఎలుకను పట్టినట్లాయెను. 2008లో ప్రభుత్వము ఆ ఒడంబడికలను రద్దుచేసి రాయల్టీని నూటికి 3కు పెంచెను. అధికలాభముపై వేసిన పన్నునుమాత్రము మరుసటియేడే ఎత్తివేసెను. 2020లో ఆ దేశము విదేశీ ఋణముల వాయిదా చెల్లింపజాలనని చేతులెత్తెను.

ఇందు మనవారి పాత్రయు కలదు. కొంకోలా రాగిగనులలో నూటికి 51 వంతులను 2004లో కొన్నది భారతీయుడు స్థాపించిన వేదాంత కంపెనీ. తమ నీరును నేలయు గని మురికిచే చెడినవని చింగోలా ప్రాంతపు 1,826 మంది గ్రామీణులు లండనులో వ్యాజ్యము వేసిరి. ఆ వ్యాజ్యము అచట విచారింపదగినదేయని 2019లో బ్రిటిషు సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. 2021లో కంపెనీ బాధ్యత నొప్పుకొనకయే రాజీ కుదుర్చుకొనెను. తెల్లవాని కంపెనీని ప్రశ్నించిన మనము మనవాని కంపెనీని ప్రశ్నింపకున్న, మన దేశాభిమానము న్యాయముపై గాక చర్మపురంగుపై నిలిచినదగును.

సోదరులారా! స్వరాజ్యముచే గనికి యజమాని మారవచ్చును గాని, కన్నుతెరచి కాపాడువారు లేనిచో రాబడి దారి మారదు. ఒడంబడిక శాసనసభ ముందు చదువబడవలెను. ధర పెరిగినపుడు ప్రజల పాలును పెరుగవలెను. అట్లు వచ్చిన ధనమున కొంత ధర పడిపోవు దినములకై దాచబడవలెను. గనిప్రక్క పల్లె త్రాగు నీటికి కంపెనీయే పూచీపడవలెను. జాంబియావారు ఈ పాఠమును పెద్దవెల యిచ్చి నేర్చిరి. మన కొండలలోని ఇనుము, బాక్సైటు, బొగ్గులకు లీజులు వ్రాయబడునపుడు, ఆ కాగితములను తెప్పించి ఈ పఠనమందిరపు బల్లమీద పెట్టి అందరును చదువుడు. అర్థముకాని షరతు కనబడినచో, మీ శాసనసభ్యుని పిలిచి అడుగుడు.