పెద్ద నమూనా విమానము: దాని కట్టుబడి



పిల్లలు తాటియాకుతో గాలిమరను జేసికొని వీధులలో పరుగెత్తుటయు, పండుగనాళ్ళలో గాలిపటముల నెగురవేయుటయు మీరందరును చూచినవే. నేడు నేను చెప్పబోవు నమూనా విమానము వానివలె వినోదమునకే పుట్టినదైనను, వానివలె తేలికగా నెంచదగినది గాదు. దాని రెక్కలు ఈ కొననుండి యా కొనకు 8 అడుగులు. బరువు 6 కిలోగ్రాములు. అందులో మనుష్యుడు కూర్చుండడు. నేలపై నిలిచినవాడు చేతిలోని పెట్టెమీద రెండు పుల్లలను కదలించుచుండగా, ఆకాశమున నది వాని యాజ్ఞను పాటించి లేచును, తిరుగును, దిగును.

ఇట్టిదానిని అంగడిలో కొనక, కఱ్ఱయు జిగురును తెచ్చుకొని మొదటినుండి తామే కట్టుకొను యువకులు మన దేశమున గలరు. నేషనల్ కాడెట్ కోర్ వైమానిక విభాగమున నమూనా విమానముల నిర్మాణము శిక్షణలో నొక భాగము. సెలవులకు వచ్చిన మీ మనుమడో, పొరుగువారి కుమారుడో యొకనాడు మీ యెదుట నిలిచి, "తాతా, చెరువు ఎండిపోయింది గదా, అందులో విమానం ఎగరేసుకుంటాము, పెద్దలతో నువ్వొక మాట చెప్పు" అని యడుగవచ్చును. నవ్వి త్రోసివేయుట సులభము. సరే యని యూరకుండుట యంతకంటె సులభము. రెండును తగవు. దానినిగూర్చి కొంత తెలిసికొని, కొన్ని సంగతు లడిగి, పిమ్మట నుత్తరము చెప్పుట మంచిది.

తీగ లేకయే దూరమునుండి యంత్రమును నడపుట నిన్నటి సంగతి గాదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా యనునతడు న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టిలో నొక చిన్న పడవను విద్యుత్తరంగములతో నడపి చూపెను. విమానమున కా విద్య పట్టుబడుటకు మఱి నలువది యేండ్లు పట్టినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణమున వాల్టరు గుడ్, విలియం గుడ్ అను కవలలుండిరి. ఒకనికి విమానములు కట్టుట యందు ప్రీతి. రెండవవానికి రేడియో పనియందు. ఒకని కఱ్ఱపనియు రెండవవాని తీగపనియు కలిసి 1937లో 'గఫ్' అను విమానము రేడియో యాజ్ఞకు లోబడి యెగిరినది. దాని రెక్కలును 8 అడుగులే. అది తరువాత స్మిత్సోనియన్ వస్తుప్రదర్శనశాలకు చేరినది.

ఆనాటి రేడియోలో గాజు వాల్వులు, బరువైన బ్యాటరీలు. వానిని మోయుటకైనను విమానము పెద్దది కావలసియుండెను. నేడు ఆ పనిచేయు పరికరము అగ్గిపెట్టెలో నిముడును. అయినను పెద్ద విమానములు కట్టుచునే యున్నారు. ఏలయన, పెద్దది చిన్నగాలికి తొణకక నిలుకడగా నెగురును. దూరమునకు పోయినను ఏ రెక్క యెటు వంగినదో కంటికి కనబడును.

ఈ ప్రసంగము మీ చెవిని జేర్చుచున్న తరంగముల జాతివే విమానమును నడపు తరంగములు. చేతిలోని పెట్టెను ట్రాన్సుమిటరు అందురు; విమానములోనిది రిసీవరు. రిసీవరునుండి సన్నని తీగలు 'సర్వో' అను చిన్న పెట్టెలకు పోవును. సర్వోలో నొక చిన్న మోటారు, పండ్లచక్రములు, ఎంత తిరిగినదో కొలుచు సాధనము ఉండును. సెకనునకు సుమారు 50 మారులు దానికి ఆజ్ఞ యందును. చేతిపుల్ల ఎంత వంచిన సర్వో చేయి యంతే తిరిగి, అచట నిలిచిపోవును. ఆ చేతికి కట్టిన కడ్డీ తోకలోని పలకనో, రెక్క యంచునందలి పలకనో కదల్చును. పడవకు చుక్కాని యెట్టిదో యీ పలకలు విమానమున కట్టివి. ఈ భాగమును యువకులు కొని తెచ్చుకొందురు. అందు వారి నేర్పు కొంచెమే. నేర్పంతయు కఱ్ఱపనిలో నున్నది.

ఇచట నొక లెక్క చెప్పెదను. 4 అడుగుల రెక్కలుగల చిన్న విమాన మొకటి బాగుగా నెగురుచున్నదనుకొనుడు. దానినే యన్ని కొలతలలోను రెట్టింపు చేసి 8 అడుగులదిగా కట్టినచో, రెక్క వైశాల్యము రెండు రెట్లు గాదు, నాలుగు రెట్లగును. బరువో యెనిమిది రెట్లగును. నాలుగు రెట్ల రెక్క యెనిమిది రెట్ల బరువును మోయవలసివచ్చును. ఫలమేమనగా, అది వేగముగా పోయిననే గాని గాలిలో నిలువదు; దిగునప్పుడు నేలను గట్టిగా కొట్టుకొనును. కావున పెద్ద విమానమును చిన్నదాని పెంపుగా కట్టరాదు. లోపల డొల్లగా, ఎముకల గూడువలె కట్టవలెను. రెక్క ముందునుండి వెనుకకు పలుచని ప్రక్కటెముకలు, ఆ కొననుండి యీ కొనకు పైనొకటి క్రిందొకటి సన్నని దూలములు, ఆ రెంటి నడుమ నిలువుగా నంటించిన పలుచని రేకు. ఇంటి కప్పు దూలము నిలువుగా నున్నప్పుడు మోయు బరువును పడుకబెట్టినప్పుడు మోయలేదని మీ రెరుగుదురు. రెక్కలోని నడిమిరేకు చేయునది యా నిలువు పనియే. పైన కప్పునది వేడికి ముడుచుకొను పలుచని ప్లాస్టిక్ పొర. దానిని ఇస్త్రీపెట్టెతో నంటింతురు. మునుపు పట్టుబట్ట కప్పి వార్నీషువంటి లేపము పూసెడివారు.

ఇట్లు తేలికగా కట్టిన రెక్క గట్టిగా నుండునా? ఉండునో లేదో ఎగురవేయకమునుపే తేల్చవచ్చును. విమానము ఒక ప్రక్కకు 60 డిగ్రీలు వాలి తిరిగినప్పుడు రెక్కమీద పడు భారము రెట్టింపగును. 6 కిలోలది 12 కిలోలవలె లాగును. క్రిందికి దూకి పైకి లేచునప్పుడు ఇంకను హెచ్చును. అందుచే రెక్కను తలక్రిందుగా నడుమ నానించి, పొడవునను ఇసుకసంచులు పరచి, 18 కిలోలవరకు మోయించి చూడవలెను. విఱిగినచో కొట్టములో విఱుగును. మనుష్యుల తలలమీద గాదు.

తేలికదన మెంతటి పని చేయునో తెలియుటకు మేనర్డ్ హిల్ అను వృద్ధుని కథ చాలును. ఆయన అమెరికావాడు. 2003 ఆగస్టులో ఆయనయు ఆయన మిత్రులును కట్టిన 6 అడుగుల రెక్కల నమూనా విమానము కెనడా దేశపు న్యూఫౌండ్లాండు తీరమున లేచి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, ఐర్లండులో దిగినది. దూరము 3,000 కిలోమీటర్లకు పైమాట. కాలము 38 గంటల 52 నిమిషములు. ఇంధనముతో కూడ దాని బరువు 5 కిలోలు మించలేదు. సముద్రముమీద దానిని నడపినది లోపలి యంత్రమే. లేపుటయు దింపుటయు మాత్రము నేలమీదివారు చేసిరి. అప్పటికి హిల్ వయస్సు 77. చూపు దాదాపు పోయినది, వినికిడియు తగ్గినది. ముసలితనమున ఈ పనులేల యను మాట ఆయన యింట వినబడెనో లేదో నే నెరుగను గాని, విమానము మాత్రము చేరినది.

ఇక కఱ్ఱ సంగతి. ప్రపంచమంతట నమూనా విమానములకు వాడునది బాల్సా. అది దక్షిణ అమెరికా వృక్షము. ఈక్వడారు దేశమున విస్తారముగా పెంచుదురు. ఐదారేండ్లలో కోతకు వచ్చును. ఘనపు మీటరు బాల్సా 100 మొదలు 200 కిలోగ్రాములు తూగును. టేకు 600 దాటును. మన వెలిగొండలలోని రక్తచందనము నీటమునుగును. దూరదేశమునుండి వచ్చునది గనుక బాల్సా వెల హెచ్చు. మనవద్ద దాని బంధువులు లేకపోలేదు. కొండపల్లి బొమ్మలు చెక్కు తెల్లపొణికి తేలికది. పెండ్లి బాసికములకు వాడు బెండు బాల్సాకంటెను తేలిక గాని, బలము లేదు. రెక్క కొనల గుండ్రదనమునకో, కిటికీ సొగసుకో పనికివచ్చును. దూలములకు ముదిరి యెండిన వెదురు చీల్చిన బద్దలు మంచివి. నూలు దారముతో చుట్టి జిగురు పట్టించిన వెదురుబద్ద వంగును గాని తటాలున విఱుగదు.

ఉదయగిరివారి కీ విషయమున నొక లాభము గలదు. ఆ యూర గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కు పనివారున్నారు. స్త్రీలు పలువు రీ పనిచేయుదురు. ఈ పనితనము భౌగోళిక గుర్తింపును పొందినది. దేవదారి, బిక్కి మొదలగు కఱ్ఱలు వారికి చిరపరిచితములు. అవి బరువైనవి, రెక్కకు పనికిరావు. అయినను ఏ ముక్కలో నార తిన్నగా పోవుచున్నది, ఏ ముక్కలో ముడి దాగియున్నది, ఏది యెండలో పెట్టిన పగులును, ఏది నీడలో నారవలెను అను తెలివి పుస్తకమున దొరకదు. ఇంజను చదువు చదివిన కుఱ్ఱవాడు దూలపు కఱ్ఱను వారికి చూపించి, నార వాలినదా తిన్నగా నున్నదా యని యడిగినచో రెండు నిమిషములలో తేలును. నార వాలిన దూలము ఎంత లావైనను వంపులో చీలును. అడుగుటకు సిగ్గుపడువారిని మీరే పంపవలెను.

ప్రొపెల్లరు కూడ కఱ్ఱదే కావచ్చును. గరిటె తలవలె రెండు వైపుల నొకే తీరున మెలిక తిరిగిన పలక యది. చెక్కగల చేతులు ఉదయగిరిలో నున్నవి కదా యని నేను సలహా యిచ్చెద ననుకొనవలదు. 18 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 7,000 మారులు తిరిగినప్పుడు దాని కొన గంటకు 600 కిలోమీటర్ల వేగమున పోవును. కంటికానని పగు లొకటి యున్నను ముక్క తూటావలె లేచును. దీనిని మాత్రము పేరుగల కర్మాగారమునుండి కొనుటయే మేలు. ఇంజను పట్టునప్పుడు దాని యెదుటగాని ప్రక్కగాని యెవరును నిలువరాదు; వెనుక నిలువవలెను.

బరువు ఎంత యనుటతోపాటు, ఎచ్చట నున్నదనుటయు ముఖ్యము. ఏతమునకు వెనుక బరువు సరిగా కట్టనిచో నీరు తోడువాని నడుము పోవును. విమానమునకును అట్లే తులదూగు చోటొకటి కలదు. రెక్క వెడల్పు 16 అంగుళములైనచో, ముందంచునుండి 4 మొదలు 5 అంగుళముల లోపల నా చోటుండవలెను. రెండు వ్రేళ్ళ కొనలపై నచ్చట నానించి యెత్తినపుడు ముక్కు కొంచెము క్రిందికి వ్రాలవలెను. తోక వ్రాలినచో నాడు ఎగురవేయరాదు. తోక పొడవు, ముక్కు పొట్టి. తోక మూడురెట్లు దూరమైనచో, అచట 100 గ్రాములు హెచ్చినప్పుడు ముక్కున 300 గ్రాముల సీసము కట్టవలసివచ్చును; మొత్తము 400 గ్రాములు వృథా. అందుచేత మంచి పనివాడు తోకలోని ప్రతి జిగురుచుక్కను లెక్కించును.

విద్యుత్తుతో నడచు విమానములలో లిథియం బ్యాటరీ యుండును. అది దెబ్బతిన్నను, హెచ్చుగా విద్యుత్తు ఎక్కించినను మండును. పూరిపాకలోను, గడ్డివామి దగ్గరను, మంచముమీదను దానికి విద్యుత్తు ఎక్కింపనీయకుడు. రాతిబండమీదనో, ఇసుకమీదనో పెట్టి, మనిషి దగ్గర నుండగా ఎక్కింపవలెను.

ఇక చెరువు సంగతి. ఎండిన చెరువు మంచి చోటే. పశువులు లేనప్పుడు, కరెంటు తీగలు దూరముగా నున్నప్పుడు, తెల్లవారుజామున గాలి లేవకమునుపు ఎగురవేయుట మేలు. కొండ యడ్డమున్నప్పుడు గాలివాలునకు అవతలి ప్రక్క గాలి సుడులు తిరుగును. అచ్చట పెద్ద విమానమైనను తలక్రిందులగును. ఉదయగిరి కొండ పాదమున నుండువారు దీనిని మరువరాదు. 6 కిలోల విమానము గంటకు 60 కిలోమీటర్ల వేగముతో మనిషిని తగిలిన, అంత బరువుగల రాయి 14 మీటర్ల యెత్తునుండి పడినట్లే. అనగా తాటిచెట్టు తలనుండి పడినట్లు. ఎగురవేయువాని వెనుకనే చూపరు లందరు నుండవలెను. వారి తలలమీదుగా విమానము పోరాదు.

చట్టమును ఉన్నది. 2021 ఆగస్టులో భారత ప్రభుత్వము ప్రకటించిన డ్రోన్ నియమములలో, 25 కిలోలకు మించక, విద్యకో వినోదమునకో కంటిచూపు దాటనీయక నడపునది నమూనాగా నిర్వచింపబడినది. తమ చోటు ఏ మండలములో నున్నదో, ఎంత యెత్తువరకు ఎగురవచ్చునో ప్రభుత్వపు డ్రోన్ పటములో చూచి, ఆ కాగితము మీకు చూపుమనుడు. చూపలేనివానికి చెరువు చూపనక్కరలేదు.

ఎగురవేయు దినమున మీలో నొకరు స్వయముగా పోయి రెండు పనులు చేయింపుడు. మొదటిది, ట్రాన్సుమిటరు బలమును తగ్గించి, విమానమునుండి 30 అడుగులు వేసి దూరముగా నడచి, అన్ని పలకలును కదలుచున్నవా యని చూచుట. రెండవది, విమానమును ఇద్దరు గట్టిగా పట్టుకొనియుండగా ఇంజను నడుచుచు, ట్రాన్సుమిటరును ఆర్పివేయుట. తరంగము తెగినవెంటనే ఇంజను తనంతట తానే తగ్గిపోవలెను. తగ్గనిచో, ఎంత దూరమునుండి వచ్చినవారైనను, ఎందరు చూడవచ్చినను, విమానమును బండి యెక్కించి యింటికి తీసికొనిపొమ్మని చెప్పుడు.