మద్రాసు పోస్టరు, మన ఊరి స్లిప్పు



మన తెలుగు సినిమా పెరిగింది ఈ మద్రాసులోనే. ఇక్కడి స్టూడియోల గురించీ తారల గురించీ చాలా సభల్లో విన్నాం. ఇక్కడ తీసిన బొమ్మను తెనాలిలోనో నర్సాపురంలోనో ఉన్న హాలు యజమాని జనానికి ఎలా చేరవేసేవాడు? అందుకు మద్రాసు అతని చేతికి ఏమిచ్చేది? ఈ పూట ఆ సంగతి చెబుతాను.

స్టూడియోల అధిపతులు సినిమాల్లోకి ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. ఎస్.ఎస్. వాసన్ ప్రకటనల వ్యాపారం చేసి, 1928లో ఆనంద వికటన్ పత్రికను కొన్నారు. ఏవీఎం మెయ్యప్ప చెట్టియార్ గ్రామఫోను రికార్డులు అమ్మారు. నాగిరెడ్డి బి.ఎన్.కె. ప్రెస్సు నడిపారు, 1947లో చక్రపాణితో కలిసి చందమామ మొదలుపెట్టారు. సరుకు తయారైతే చాలదనీ, దూరాన ఉన్నవాడికి కబురు అందాలనీ ముగ్గురికీ ముందే తెలుసు. మద్రాసు సినిమా నిలదొక్కుకోవడానికి కెమెరాలూ సెట్టింగులూ ఎంత కారణమో ఈ తెలివిడీ అంతే కారణమని నా నమ్మకం.

1948లో చంద్రలేఖ వచ్చింది. వాసన్ దాని మీద 30 లక్షల దాకా పెట్టారు. తీయడంతో ఊరుకోకుండా పత్రికల్లో భారీగా ప్రకటనలు గుప్పించారు. అదే ఏడాది హిందీలోనూ విడుదల చేశారు. హాలు తలుపులు తెరవకముందే ఆ సినిమాలోని డ్రమ్ముల నాట్యం గురించి జనం మాట్లాడుకుంటున్నారంటే, హాలువాడి పని సగం అయిపోయినట్టే కదా!

మన ఊళ్లకు మాత్రం ప్రచార సామగ్రి కట్టలుగా వచ్చేది. మధ్యలో విజయవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లుండేవారు. ఆ కట్టలో లిథో పోస్టర్లు, హాలు ముందు బోర్డులో పెట్టే ఫోటో కార్డులు, తెర మీద వేసే స్లైడ్లు, పాటల పుస్తకాలు ఉండేవి. సిక్స్ షీట్ పోస్టరంటే ఒకే కాగితం కాదు, ముక్కలుగా వచ్చేది. అంటించేవాడు గోడకు నిచ్చెన వేసి, మైదా బంక పూసి, ఒక ముక్కలోని నుదురు రెండో ముక్కలోని కళ్లతో సరిగ్గా కలిసేలా అరచేత్తో అదిమేవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎన్.టి. రామారావు మొహం వంకర పోయేది. ఆఖరున ఊరి ప్రెస్సులో అచ్చు వేయించిన స్లిప్పు అడుగున అంటించేవాడు. నేడే చూడండి, ఫలానా టాకీసు, రోజూ ఇన్ని ఆటలు. అప్పటిదాకా మద్రాసుదైన పోస్టరు ఆ క్షణం నుంచి ఆ ఊరిది.

పాటల పుస్తకాన్ని నేను అన్నిటికన్నా గొప్ప ప్రచారం అంటాను. కథను చిక్కుముడి దాకా చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసేవారు. జనం డబ్బిచ్చి కొనుక్కుని ఇంటికి తీసుకెళ్లే ప్రకటన మరొకటి ఉందా? బొమ్మ చూడనివాళ్లు కూడా ఆ పాటలు నేర్చుకునేవారు. ఇక రిక్షాకు రెండు వైపులా బోర్డులు కట్టి, మైకులో అరుస్తూ కరపత్రాలు వెదజల్లడం హాలువాళ్లు చూసుకునేవారు. అదంతా మీకు తెలిసిందే.

మళ్లీ మద్రాసు సంగతికొస్తే, ఈ నగరంలో 1957లో వణంగాముడి సినిమా విడుదలకు చిత్రా టాకీసు ముందు శివాజీ గణేశన్ కటౌటు 80 అడుగుల ఎత్తున నిలబెట్టారు. 1966లో నాగిరెడ్డి సంస్థ నుంచే విజయచిత్ర అనే సినిమా పత్రిక వచ్చింది, రావి కొండలరావు గారు దాన్ని ఎంతో శ్రద్ధగా నడిపారు. పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి సాక్షి సినిమాతో పోస్టర్ల పని మొదలుపెట్టి, ఆ అనుభవాన్ని తర్వాత సినిమా పోస్టర్ అనే పుస్తకంగా రాశారు. నంది అవార్డు అందుకున్న ఆ పుస్తకాన్ని తప్పక చదవండి.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. రీళ్లలో కొన్నైనా మిగిలాయి, ఈ కాగితం మాత్రం చాలావరకు చిత్తుకాగితాల్లో కలిసిపోయింది. అందుకే అడుగుతున్నాను. మీ అటకల మీద, నాన్నగారి ట్రంకుపెట్టెల్లో పాటల పుస్తకమో ఫోటో కార్డో ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి. స్కాన్ చేసి మీది మీకు ఇచ్చేస్తాం. పోస్టరు దొరికితే, ఎంత చిరిగినా సరే, అడుగున హాలు పేరున్న స్లిప్పును మాత్రం ఊడదీయకండి.