ఊరి సభలో ప్రతిపక్షము

కృష్ణా డెల్టా రైతుకు ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాలువ మొదట నిలుచున్న వానికి నీరెప్పుడును నిండుగానే కనిపించును. నీరు నిజముగా అందుచున్నదో లేదో తెలియవలెనన్నచో బందరు కాలువ చివరకో, దివిసీమ శివారునకో పోయి అక్కడి రైతును అడుగవలెను. ప్రకాశం బ్యారేజి క్రింద సుమారు పదమూడు లక్షల ఎకరముల ఆయకట్టు ఉన్నది. దాని యోగక్షేమములలో సగము విజయవాడలోని కొలబద్ద మీద కనిపించును. మిగిలిన సగము శివారు రైతు నోట వినవలసినదే. ప్రజాపాలనలో ప్రతిపక్షము ఈ శివారు రైతు వంటిది. అతని మాట ఒక్కొక్కప్పుడు కటువుగా ఉండవచ్చును, అతిశయోక్తిగాను ఉండవచ్చును. కాని అతడు మాటాడక ఊరుకున్ననాడు కాలువ సంగతి ఎవరికిని తెలియదు.

ఈ మాట శాసనసభ విషయమున అందరును ఒప్పుకొందురు. పంచాయతీ, మండల పరిషత్తు, నగరపాలక సంస్థ అనగానే చాలమంది తల అడ్డముగా ఊపుదురు. "వీధి దీపమునకు పార్టీ ఏమిటి? మురుగు కాలువకు ప్రతిపక్షమేమిటి?" అని అడుగుదురు. ప్రశ్న సహజమైనదే. అయితే ఊరిలో పది వీధులుండి, డబ్బు నాలుగు వీధులకే చాలినప్పుడు, ముందు ఏ నాలుగింటికి దీపములు వేయవలెనన్నది నిర్ణయించక తప్పదు. ఆ నిర్ణయమే రాజకీయము. మిగిలిన ఆరు వీధుల తరఫున లేచి "మా వంతు ఎప్పుడు?" అని అడుగువాడే ప్రతిపక్షము. అతనికి పార్టీ గుర్తు ఉన్నదా లేదా అన్నది తరువాతి మాట. అడుగుటకు చోటు ఉన్నదా, అడిగినది లెక్కకు ఎక్కుచున్నదా అన్నది ముఖ్యము.

కృష్ణా జిల్లాకు ఎదుటి పక్షమును గౌరవించు అలవాటు క్రొత్త కాదు. 1952 సార్వత్రిక ఎన్నికలలో విజయవాడ ఓటర్లు కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయను కమ్యూనిస్టుల మద్దతు గల స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు పంపినారు. ఐదేండ్లకు అదే స్థానమునుండి కాంగ్రెసు అభ్యర్థిని, వైద్యురాలు కొమర్రాజు అచ్చమాంబను గెలిపించినారు. 1955లో గన్నవరమునుండి ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య శాసనసభలో ప్రతిపక్ష నాయకుడుగా కూర్చున్నారు. నీటిపారుదలను అంకెలతో చర్చించు నాయకుడుగా పేరుపొందినారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు స్పీకరు పీఠమెక్కినవారు విజయవాడకే చెందిన అయ్యదేవర కాళేశ్వరరావు. ప్రశ్నించువారిలో ఒకరిని, ప్రశ్నకు వేళ ఇచ్చువారిని కూడ ఈ ప్రాంతమే ఒక్క కాలమున పంపినదన్న మాట. 1888లో పురపాలక సంఘముగా మొదలైన విజయవాడ 1981లో నగరపాలక సంస్థ అయినప్పుడు, రాష్ట్రమున కాంగ్రెసు పాలించుచుండగా, నగర మేయరు పదవి కమ్యూనిస్టు నాయకుడు టి. వెంకటేశ్వరరావునకు దక్కినది. రాష్ట్రమున ప్రతిపక్షమైనవారు నగరమున పాలకులగుట ఆనాటినుండి మనకు తెలిసిన సంగతియే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడవలెను. 1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు 196 స్థానములు. కమ్యూనిస్టు పార్టీకి పోలైన ఓట్లలో నూటికి 31 వచ్చినవి. స్థానములు మాత్రము 15. అనగా నూటికి ఎనిమిదియు కాదు. ఇది పాతకాలపు వింత అనుకొనరాదు. 2019లో తెలుగుదేశము పార్టీకి నూటికి 39 ఓట్లు వచ్చినను 175 స్థానములలో 23 మాత్రమే దక్కినవి. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీకి కూడ నూటికి 39 ఓట్లు వచ్చినవి, స్థానములు 11. పార్టీలు తారుమారైనవి గాని లెక్క మారలేదు. మన ఎన్నికల పద్ధతిలో ఓడినవారికి దక్కు కుర్చీలు, వారి వెనుక నున్న జనముకంటె ఎప్పుడును తక్కువగానే ఉండును. కావున సభలో ప్రతిపక్ష సభ్యులు పదిమందియే కదా యని చులకన చేయువారు, ఆ పదిమంది వెనుక నిలిచిన లక్షల ఓటర్లను చులకన చేసినవారగుదురు.

స్థానిక సంస్థలలో ఈ చోటు ఇంకను ఇరుకు. మన రాష్ట్రమున 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1986లో సమితుల స్థానమున మండలములు వచ్చినవి. 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోనికి వచ్చిన తరువాత, ఐదేండ్ల గడువు తీరకముందే ఎన్నికలు జరుపవలెనన్నది రాజ్యాంగ నియమమైనది. నియమము వ్రాతలో ఉన్నది. అయినను విజయవాడ నగరపాలక సంస్థ 2010 నుండి 2014 వరకు, మరల 2019 నుండి 2021 వరకు ఎన్నికైన సభ్యులు లేకయే నడచినది. అధికారి సమర్థుడే కావచ్చును. కాని సభయే లేనప్పుడు ప్రశ్న ఎవరిని అడుగవలెను? ఎవరు అడుగవలెను?

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండ జరుగును. మండల, జిల్లా పరిషత్తులకు, పురపాలక సంఘములకు గుర్తులు ఉండును. ఊరిలో పార్టీలు వద్దు, అందరును కూడి ఒక్క మాట మీద నడువవలెనని జయప్రకాశ్ నారాయణ్ వంటి పెద్దలు చెప్పినారు. వారి మాటలో మంచి ఉన్నది. ఒక ఎన్నిక కారణముగా అన్నదమ్ముల పొలముల గట్లు తెగిన ఊళ్లు, పెండ్లి పిలుపులు మానుకొన్న ఊళ్లు డెల్టాలో ఎన్ని లేవు? నిజముగా ఊరంతయు రావిచెట్టు క్రింద కూర్చుండి, మాటాడుకొని, ఒకరిని ఎంచుకొన్నచో అంతకంటె సంతోషము లేదు. కాని ఐకమత్యము చర్చ చివర పండవలసిన పండు; చర్చకు ముందే కోసిన కాయ కాదు.

ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వములు బహుమానములు ఇచ్చుట చాలకాలముగా ఉన్న పద్ధతియే. 2021లో జనాభాను బట్టి 5 లక్షల నుండి 20 లక్షల రూపాయల వరకు ప్రకటించినారు. చిన్న పంచాయతీకి అది పెద్ద మొత్తము. కాని ఆ డబ్బు ఊరి ముందు పెట్టినప్పుడు, పోటీ చేయదలచిన మనిషి ఊరి రోడ్డుకు అడ్డుపడువానివలె కనిపించును. వాడు దళితవాడనుండి తొలిసారి ముందుకు వచ్చినవాడైనచో, లేక రిజర్వు స్థానమున తన నోటితో తాను మాటాడదలచిన స్త్రీ అయినచో, ఆమెకు గాని అతనికి గాని పెద్దల మాట కాదనుట ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 2020 మార్చిలో నామినేషన్లు ముగియునప్పటికి రాష్ట్రమున 126 జిల్లా పరిషత్తు స్థానములు పోటీ లేకయే తేలినవి. వానిలో అధిక భాగము నాటి పాలకపక్షమునకే దక్కినవి. నామినేషన్లను బలవంతముగా అడ్డుకొన్నారని ప్రతిపక్షములు ఆరోపించినవి. తమ పాలన చూచి జనమే పోటీ వలదనుకొన్నారని పాలకపక్షము చెప్పినది. ఏది ఎంత నిజమో తేల్చుటకు ఓటరు వేలిమీది సిరాచుక్క ఒక్కటే సాక్షి. ఆ చోట్లలో ఆ సాక్షిని పిలువనే లేదు.

తప్పు ఒక్క వైపుననే ఉన్నదనుకొనరాదు. పోటీని అడ్డుకొనుట ఎంత దోషమో, పోటీనుండి తప్పుకొనుట కూడ ఓటరు దృష్టిలో అంతే నష్టము. కరోనా కారణముగా ఆగిన ఆ పరిషత్తు ఎన్నికలకు 2021 ఏప్రిల్ 8న పోలింగు జరిగినది. దానికి కొద్ది రోజుల ముందు తెలుగుదేశము పార్టీ బహిష్కరణ ప్రకటించినది. నామినేషన్లు ఏడాది క్రిందనే పడియున్నవి గనుక బ్యాలెట్ పత్రము మీద గుర్తు ఉన్నది. గుర్తు వెనుక పార్టీ లేదు. సెప్టెంబరు 19న లెక్కింపు జరిగిన పిమ్మట పదమూడు జిల్లా పరిషత్తులును ఒక్క పక్షమునకే దక్కినవి. 2024 డిసెంబరులో సాగునీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు వచ్చినప్పుడు బహిష్కరించుట వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీ వంతైనది. ఇరువురును కారణములు చెప్పినారు; ఆ కారణములలో నిజము ఉండవచ్చును. కాని కాలువ నీరు పంచు సంఘములో తన మాట చెప్పువాడు లేని శివారు రైతుకు ఆ కారణములతో పొలము తడియదు. అన్యాయము జరిగినదని చెప్పుటకైనను బరిలో నిలిచి, ఏజెంటును కూర్చుండబెట్టి, అభ్యంతరమును వ్రాతలో పెట్టి, అవసరమైనచో న్యాయస్థానమునకు పోవుటయే మేలు. లేచిపోయినవాని కుర్చీ మరునాడు ఖాళీగా ఉండదు; ఎదుటివాడు అందులో కాలు చాపుకొనును.

గెలిచిన పిదప ప్రతిపక్షము చేయగలదేమి? 2021 మార్చిలో విజయవాడ నగరపాలక సంస్థకు జరిగిన ఎన్నికలలో 64 డివిజన్లలో పాలకపక్షమునకు 49, తెలుగుదేశమునకు 14, మార్క్సిస్టు పార్టీకి 1 వచ్చినవి. చేతులెత్తి లెక్కించినచో పదునైదుగురు నలుబదితొమ్మిదిమందిని ఏనాటికిని ఓడింపలేరు. అయితే ఆ ఏడాదియే ఇంటి పన్నును అద్దె విలువ మీద గాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కించు పద్ధతి వచ్చినది. చెత్త సేకరణకు ఇంటింట రుసుము వచ్చినది. వీనిని గురించి ప్రతిపక్షములు వీధులలో ఆందోళన చేసినవి. ఆనాడు ఆ రుసుము ఆగలేదు. కాని ప్రశ్న జనము నోళ్లలో నిలిచినది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నములో క్రొత్త ముఖ్యమంత్రి చెత్త పన్ను రద్దగునని ప్రకటించినారు. రుసుము మంచిదా చెడ్డదా అన్నది వేరు చర్చ. ఊడ్చువానికి జీతము ఎక్కడినుండియో రావలెను గదా. ఓటుతో ఓడిన ప్రశ్న కూడ వ్యర్థము కాదన్నది ఇక్కడి పాఠము. దానితోపాటు మరియొక పాఠము కూడ ఉన్నది. నగరము పన్ను సంగతి నగర సభలో తేలక, రాష్ట్ర ప్రభుత్వము మారినప్పుడు తేలినదనగా, మన స్థానిక సభలకు పేరున్నంత బలము లేదనియే అర్థము.

ఈ బలహీనత పాలకపక్షమువారికి కూడ తగులును. 2021లో ఆర్థిక సంఘము నిధులను పంచాయతీల విద్యుత్తు బకాయిలకు జమ కట్టుకొన్నప్పుడు, తమ ఖాతాలు ఖాళీ అయినవని సర్పంచులు ఆందోళనకు దిగినారు. వారిలో పాలకపక్షమును బలపరచినవారును ఉన్నారు. నిన్నటివరకు ప్రశ్న అక్కరలేదనుకొన్నవారికి ఆనాడు ప్రశ్న అక్కరకు వచ్చినది. అట్లే 2021లో విజయవాడ సభలో మెజారిటీ పొందిన పక్షము 2024లో రాష్ట్రమున ప్రతిపక్షమైనది. ఆ సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగరు మునిగినప్పుడు, ఇంటి కప్పు మీద నిలుచున్నవారికి ఎవరు పాలకులో ఎవరు ప్రతిపక్షమో అక్కరలేదు. తమ వీధి పేరు చెప్పి పడవ అడుగువాడు కావలెను. అధికారము ఇంత త్వరగా చేతులు మారు చోట, ఎదుటివాని నోరు నొక్కు పాలకుడు రేపటి తన నోటినే నొక్కుకొనుచున్నాడు.

కావున కోరవలసినవి పెద్ద కోరికలు కావు. గ్రామసభ ఏడాదికి కనీసము రెండు మారులు జరుగవలెనని చట్టము చెప్పుచున్నది. అది సంతకముల పుస్తకములో గాక చావడి వద్ద జరుగవలెను. ఓడిన అభ్యర్థి ఆ సభకు మొదట వచ్చి, ఆదాయ వ్యయముల లెక్క చదువుమని అడుగవలెను. అడిగిన ప్రశ్నయు, ఇచ్చిన జవాబును మినిట్సులో ఎక్కవలెను. పురపాలక సభలో అధ్యక్షస్థానమున నున్నవారు, చిన్న పక్షమునకు దాని సంఖ్యను బట్టి గాక, అది తెచ్చిన సంగతిని బట్టి వేళ ఇయ్యవలెను. ప్రతిపక్షము కూడ బల్లలు చరచుట కొంత తగ్గించి, బడ్జెటు పద్దులు చదువుట కొంత నేర్చుకొనవలెను. సమాచార హక్కు చట్టము 2005నుండి ఉన్నది. ఒక్క దరఖాస్తు పది నినాదములకంటె దూరము పోవును.

ఇక మిగిలినది ఓటరు పని. గెలిచినవారిని తలచుకొని ఇంటికి పోవుట సులభము. ఓడినవారిని కూడ తలచుకొని, "నీకు మా వీధిలో రెండు వందల ఓట్లు వచ్చినవి, ఆ రెండు వందలమంది తరఫున నీవు ఈ ఐదేండ్లు ఏమి అడుగుదువు?" అని నిలువదీయుట మనకు ఇంకను అలవాటు కాలేదు. ఈ మారు ఎన్నికల ఫలితములు వచ్చిన మరునాడు మీ ఊరిలోనో, మీ డివిజనులోనో రెండవ స్థానమున నిలిచిన మనిషి ఎవరో తెలిసికొనుడు. గెలిచినవారికి అర్జీ ఇచ్చునప్పుడు దాని నకలు ఒకటి ఆ మనిషి చేతికి కూడ ఇండు.